సొరకాయమ్మ మౌనవ్రతం

మార్చి 3, సోమవారం

మూడు వారాలు నోరు విప్పకూడదట. గొంతు సవరించుకోకూడదు, కూనిరాగం తీయకూడదు, ఫోనెత్తి హలో అనకూడదు. పోనీ గుసగుసగా మాట్లాడుకోవచ్చా అని అడిగాను. గొంతు డాక్టరు కళ్ళజోడు మీదుగా చూసి, గుసగుస మామూలు మాటకన్నా చేటు అంది. లోపల స్వరతంత్రుల మీద రెండు బుడిపెలున్నాయట. ఎదురుబొదురుగా, పోట్లాటకి దిగిన తోడికోడళ్ళలా. నోరు మూసుకుంటే వాటంతటవే కరుగుతాయి. లేదంటే కత్తి పెట్టాలి.

ఏం పని చేస్తారంది. చెప్పాను. పిల్లలు ఆడే గెంతులాట వీడియో గేమొకటుంది. వంటవాడు ఎత్తుకుపోయిన ఏడుగురు పిల్లల్ని వెతుక్కుంటూ అర మీంచి అర మీదికి దూకుతూ పోయే సొరకాయ తల్లి గొంతు నాదే అని. మూడు భాగాలొచ్చాయి. మొదటిది వంటగది, రెండోది కూరల బజారు, మూడోది శీతల గిడ్డంగి. ఇప్పుడు నాలుగోది, డబ్బాల ఫ్యాక్టరీ. డాక్టరు కలం పక్కన పెట్టేసింది.

"పిల్లల్ని కంటే కడుపు చల్లగా ఉంటుందన్నారు గానీ, వాళ్ళని ఫ్రిజ్జులో పెడతారనుకోలేదు. ఆ మాట మీదేనా?"

నాదే. ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో అందర్నీ మీరే లేపుతారండీ అంది. ఆ అనడంలో సంతోషమెంతో, కక్షెంతో తేల్చుకోలేకపోయాను.

గొంతు పోయింది పోయిన వారం. పడిపోయే కేకలు చేయించారు. నీళ్ళలో పడితే ఒక రకం, కత్తి మీద పడితే ఒక రకం, కదిలే పట్టీ మీంచి జారితే ఒక రకం. దర్శకుడు అద్దం అవతలినుంచి, ఇది మరిగే నూనెలో పడ్డట్టుందండీ, మనకి గోరువెచ్చటి నూనె చాలు అన్నాడు. గోరువెచ్చటి నూనె కోసం మధ్యాహ్నమంతా అరిచాను. ప్రతిసారీ సరేనండీ, సరేనండీ అంటూనే.

ఇంటికొచ్చి సంగతంతా కాగితం మీద రాసి పిల్లకి చూపించాను. తీరిగ్గా చదివింది.

"సరే. పెద్ద తేడా ఏముంటుందిలెండి," అంది.

మర్యాదగల పిల్ల. నేను బాధపడతానని అలా తేలిగ్గా తీసేసింది.

మార్చి 4

పిల్ల అటక మీంచి తన చిన్నప్పటి పలక తీసిచ్చింది. మొద్దు పుల్లతో రాస్తే రాత పడుతుంది, పక్కనున్న మీట లాగితే మాయమవుతుంది. పొద్దున్న దాని మీద 'పాలు పొంగుతున్నాయి చూడు' అని రాసి చూపించాను. పొయ్యి కట్టేసి, గట్టు తుడిచేసి, ఆ గుడ్డ పిండేశాక పిల్ల అది చదివింది. తీరిగ్గా వచ్చి.

మార్చి 5

ఆయన వంతెన పని మీద ఊరు దాటి వెళ్ళి నెలయింది. ఇంకో నెల దాకా రారు. ఇంట్లో పిల్లా, నేనూ. ఆ అమ్మాయికి పన్నెండేళ్ళు. నేను ఈ ఇంటికొచ్చి రెండేళ్ళు. వాళ్ళ మేనత్త, అంటే మా వదిన, 'మీ పిన్ని, మీ పిన్ని' అంటూంటుంది గానీ పిల్ల నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు. అసలు నన్ను ఏమనీ పిలవదు. 'ఇదిగోండి', 'వింటున్నారా', అంతే. ఇంక మీరు, మీకు, మీది. బ్యాంకులో కౌంటరు ముందు నిలబడ్డట్టు మాట్లాడుతుంది.

నేనేం పట్టించుకోను. ఈ కాలం పిల్లల్లో ఆ మాత్రం మన్నన ఎవరికుంది? నేను మాత్రం తనని ఒక్క మాట అన్నానా? రెండేళ్ళలో ఒక్కటీ అనలేదు. అన్నం మధ్యలో కంచం వదిలేసి పోతే కడిగి బోర్లించాను. నా ఎర్ర చీర కోసి బొమ్మకి గొడుగు కుట్టినప్పుడు, గొడుగు బాగుందన్నాను. సవతి తల్లి అని లోకం చేత అనిపించుకోవడం నాకిష్టం లేదు.

విసుగంతా స్టూడియోలో సొరకాయ మీద తీర్చేసుకుంటే సరిపోయేది. ఇప్పుడదీ లేదు. అందుకే ఇది రాసుకోవడం.

మార్చి 7

వదిన ఫోను చేసింది. గొంతు బొంగురుపోయిన కొత్తలో మిరియాల కషాయం తాగమన్నది ఈవిడే. పిల్ల ఫోను తీసి, నాక్కూడా వినబడేలా పెట్టింది. మీ పిన్ని ఏదే అని అడిగితే, నోరు పోయిందత్తా అంది. నేను పలక మీద 'నమస్కారం చెప్పు, తగ్గుతోందని చెప్పు' అని రాసి ముందు పెట్టాను. పిల్ల దాన్ని చక్కగా చూసింది. చూసి ఇలా అంది:

"నువ్వు మొన్న చెప్పిన వైద్యం చేసుకున్నారట అత్తా. అప్పటిదాకా కొద్దో గొప్పో వచ్చేదట. దాంతో పూర్తిగా పోయిందట."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. నేను పలక పట్టుకుని దాని మొహం ముందు ఊపాను. "పాపం, ఏడుస్తున్నారు అత్తా," అంది. వదిన ఏదో పని గుర్తొచ్చిందని పెట్టేసింది. మామూలుగా ఆవిడ ఫోను చేస్తే నా కూర మాడేదాకా వదలదు.

ఎందుకలా చెప్పావని రాశాను.

"మీరు మనసులో అనుకున్నదేగా?"

అనుకున్నదే. కానీ అనుకోవడం వేరు.

మార్చి 9

ఆయన ఫోను చేశారు. ముక్కుతో 'ఊఁ' అన్నాను. ఊఁ కూడా మాటేనని పిల్ల ఫోను లాక్కుంది.

మార్చి 13

గోరుచుట్టు మీద రోకటిపోటు. బళ్ళోంచి పిలుపొచ్చింది.

పిల్ల తన పక్కన కూర్చునే అమ్మాయి సంచీలో నీళ్ళు పోసిందట. సీసాడు నీళ్ళూ, పుస్తకాలన్నీ తడిసేలా. క్లాసు టీచరు చెబుతూంటే పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఎందుకు పోసిందని రాసి అడిగాను. టీచరు కాస్త ఇబ్బందిపడి చెప్పింది. ఆ అమ్మాయి, 'మీ ఇంట్లో ఉన్నది అమ్మ కాదు, కూరగాయ' అందట. ఇవాళ కాదు, చాలా రోజులుగా అంటోందట. 

నిజానికి మంచి మాటే. మా ఆట మాటల రచయితకి ఇంత బాగా తట్టదు.

నేను పలక మీద, తప్పే, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పిస్తాను అని రాశాను. టీచరు కళ్ళజోడు కోసం సొరుగు వెతుక్కుంటోంది. ఈలోపు పిల్ల పలక అందుకుంది.

"మా అమ్మ ఏమంటోందంటే టీచర్, తప్పు ఇద్దరిదీ ఉందట. ఒక్కళ్ళనే నిలబెట్టి అడిగితే న్యాయం కాదట. తడిసిన పుస్తకాలు మేము ఆరబెట్టి అట్టలేసి ఇస్తామట, కానీ ఆ అమ్మాయి కూడా ఆ మాట వెనక్కి తీసుకోవాలట."

అనేసి మీట లాగేసింది.

టీచరు నా వంక గౌరవంగా చూసింది. ఎంత బాగా చెప్పారండీ, అందరు తల్లులూ ఇలా నిదానంగా ఆలోచిస్తే మాకింత తలనొప్పి ఉండదు అంది. నేను తలాడించాను. ఇంకేం చేయను?

దారిలో ఆగి, నేనలా రాయలేదని రాసి చూపించాను. రాసి ఉండాల్సింది అని నడిచిపోయింది. 

ఇంకో మాట కూడా అంది అక్కడ. టీచరు ముందు అలాగే అంటారు. 'మా నాన్న రెండో భార్య ఏమంటున్నారంటే' అని మొదలుపెడుతుందా? అవసరానికి అంది.

మార్చి 14

అవసరానికే అంది.

మార్చి 17, సోమవారం

నేను స్నానానికి వెళ్ళినప్పుడు స్టూడియోనుంచి ఫోనొచ్చిందట. దర్శకుడు నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడని పిల్ల చెప్పింది. మంచి మనిషి. మిగతావాళ్ళు ఒక్కరూ పలకరించలేదు.

మార్చి 18

మళ్ళీ చేశాడట. చాలా శ్రద్ధగా కనుక్కుంటున్నాడు.

మార్చి 20, గురువారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

పిల్ల బడినుంచి రాలేదు. కాస్త ఆలస్యమైందేమో అనుకుని బట్టలు మడతపెట్టాను. అన్నీ మడతపెట్టడం అయిపోయింది. వీధి గుమ్మంలో నిలబడ్డాను. పక్కింటి ఇద్దరు పిల్లలూ వచ్చేశారు, మనది రాలేదు. పలక పట్టుకుని బయల్దేరాను.

మాట లేకుండా మనిషిని వెతకడం ఎలా ఉంటుందో పగవాళ్ళకి కూడా తెలియకూడదు. మూలనున్న దుకాణంలో బేరం ఆడుతున్న ఒకాయనకి పలక చూపించాను. 'రెండు జడలు, నీలం సంచీ, చూశారా' అని రాశాను. ఆయన చదవనే లేదు. జేబులో చెయ్యి పెట్టి, ఒక నాణెం నా అరచేతిలో పెట్టి, బేరంలోకి వెళ్ళిపోయాడు. అవతలి కాలిబాట మీద నీలం సంచీ ఒకటి జనంలో కనబడింది. గట్టిగా చప్పట్లు కొట్టాను. అటుగా పోతున్న వాళ్ళందరూ తిరిగారు, ఆ సంచీ తప్ప. ఇళ్ళన్నీ నిద్రలేపే గొంతు నాది. ఒక్క కేక వేస్తే చాలు. నోరు తెరిచాను కూడా. మళ్ళీ మూసుకున్నాను. పరిగెత్తి వెళ్ళి భుజం పట్టుకుంటే ఎవరో పెద్ద పిల్ల, భయపడిపోయింది.

బస్టాపు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ నన్ను గుర్తుపట్టాడు. మీ అమ్మాయి ఇందాకే మీ స్టూడియో వైపు బస్సెక్కిందండీ, మీరక్కడున్నారేమో అనుకున్నాను అన్నాడు.

స్టూడియోకా? ఎందుకు? అప్పుడు ఫోను తెరిచి చూశాను. దర్శకుడి సందేశాలు. పిల్ల చదివేసినవి, నేను చూడనివి. 'మీరు ఒప్పుకోరని మీ అమ్మాయి చెప్పింది. దయచేసి ఇంకోసారి ఆలోచించండి.' దాని కింద, 'బుధవారం సాయంత్రంలోపు సంతకం కావాలి.' ఆ కింద, 'పోనీ నేనే మీ ఇంటికి రానా?'

నేను దేనికి ఒప్పుకోలేదు? బస్సులో కూర్చుని ఒకటే ఆలోచన. ఆ సంతకమేదో పెడితే పోయేది కదా. నా నోటి దగ్గర కూడు తీసెయ్యడానికి దీనికేం హక్కుంది?

స్టూడియో కాపలాదారు నన్ను చూసి, పాప లోపలే ఉందండీ అన్నాడు. రికార్డింగు గది తలుపు తోశాను. పిల్ల ఎత్తు కుర్చీలో కూర్చుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు నేలకి అందకుండా. దర్శకుడు తల పట్టుకుని ఉన్నాడు. స్పీకర్లలోంచి నేను మాట్లాడుతున్నాను.

నేను ఎప్పుడూ అనని మాటలు. "డబ్బాలో దాక్కున్నావా నాన్నా? మూత తీస్తున్నా, కదలకు." నా గొంతే. ఆయాసం లేదు, బొంగురు లేదు. మూడు భాగాల్లో నేను మాట్లాడినవన్నీ యంత్రానికి పోసి తయారు చేయించారు. బాగుంది. ఏం దాచుకోను, చాలా బాగుంది. తలుపు దగ్గరే నిలబడి విన్నాను.

పిల్ల తిరిగి చూసింది. ఎదురుచూపు, వీధులు, నాణెం, ఎవరిదో భుజం, అన్నీ కలిసి ఒక్కసారి గొంతులోకి వచ్చేశాయి. నోరు తెరిచాను. పిల్ల కుర్చీలోంచి దూకి వచ్చి, అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టేసింది. 

"మాట్లాడకు. ఇంకా ఐదు రోజులుంది. తిట్లన్నీ రాయి, నేనే చదువుకుంటా."

చేతికి సిరా వాసన. చెయ్యి తియ్యదే.

దర్శకుడు లేచి నిలబడి చెప్పుకొచ్చాడు. గడువు దగ్గరపడింది, యజమాని ఆగనంటున్నాడు, నేను సంతకం పెడితే నాలుగో భాగమే కాదు, ఇకముందు వచ్చేవన్నీ ఈ యంత్రం గొంతుతోనే వస్తాయి. నాకు శ్రమ లేదు. మీ అమ్మాయి ఫోనులో ప్రతిసారీ 'మా అమ్మ ఒప్పుకోదు' అని పెట్టేస్తోందండీ, ఇంటికొస్తానంటే ఇవాళ తనే వచ్చేసింది అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాడు.

నాకెందుకు చెప్పలేదని పలక మీద రాసి పిల్ల ముందు పెట్టాను. గట్టిగా నొక్కి రాశాను, పలక గీరుకుపోయింది.

"చెప్తే పెట్టేస్తావు. ఎవరేం అడిగినా సరేనంటావు. నేనేం చేసినా సరేనంటావు. చీర కోస్తే కూడా గొడుగు బాగుందన్నావు. సొరకాయమ్మే నయం, దాని పిల్లల్ని అది తిడుతుంది."

దర్శకుడు ఎందుకో బయటికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

నేను అక్కడే నేల మీద కూర్చుని రాశాను. పిల్ల నా పక్కన కూర్చుని చదివింది. ఈసారి ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. పడిపోయే కేకలు యంత్రం చేత వేయించుకోండి, ఈ భాగానికి మాత్రమే. డాక్టరు నన్ను ఇంక అరవనివ్వదు, మీ గోరువెచ్చటి నూనె నావల్ల కాదు. మాటలు నావి. గొంతు ఎలా తిరిగొస్తే అలాగే చెబుతాను. దానికి వారం ఆగాలి. ఇకముందు వాటికి సంతకం పెట్టను.

దర్శకుడు వసారాలోకి వెళ్ళి యజమానితో చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, మొహం తుడుచుకుని, వారం అన్నాడు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా కాదు.

బస్సులో కూర్చోగానే పిల్ల పలక నా ఒళ్ళో పెట్టి, ఇక కానియ్ అంది.

రాశాను. పలక నిండగానే తీసుకుని పైకి చదవడం, మీట లాగడం, మళ్ళీ ఇవ్వడం. గుసగుసగా కూడా కాదు. బస్సంతా వినబడేలా.

"బుద్ధుందా నీకు? ఇంట్లో చెప్పకుండా బస్సెక్కుతావా? అంత పెద్దదానివైపోయావా? నా ఫోనులో మాటలు నాకు చెప్పకుండా నువ్వే తేల్చేస్తావా? ఊరంతా తిరిగాను నీకోసం, నా చేతిలో డబ్బులు పెట్టి పోయాడొకడు. నవ్వకు. ఇది నవ్వే సంగతా?"

'నవ్వకు' దగ్గర నిజంగానే నవ్వాపుకుంటోంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో, అన్నీ నావే. ఎప్పుడు నేర్చిందో. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి, ఎవర్ని తిడుతున్నావమ్మా అని అడిగింది.

"నన్నేనండీ. మా అమ్మ తిడుతోంది."

ఆవిడ నా వంక చూసింది. నేను పలక కోసం చెయ్యి చాపాను, ఇంకా ఉందన్నట్టు.

ఆఖరి పలకలో నేను రాయనిదొకటి కలిపి చదివింది. "నీకేమైనా అయితే నేనేం కావాలి?" అని. చదవగానే మీట లాగేసింది. రాశానో లేదో చూసుకోవడానికి ఇప్పుడు ఆధారం లేదు. నేను రాయలేదనే అనుకుంటున్నాను.

మార్చి 21

పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది. పొద్దున్నుంచీ నువ్వు, నీకు, నీది. దువ్వెన ఎక్కడ పెట్టావంటుంది. రెండేళ్ళ మన్నన బస్సులో వదిలేసి దిగింది.

నేనేం పట్టించుకోను.

మార్చి 22

ఆయన ఫోను చేసి, ఎలా ఉన్నారిద్దరూ అని అడిగారు. పిల్ల చెప్పింది: "నన్ను తెగ తిట్టింది నాన్నా." అంత గొప్పగా చెప్పుకునే విషయమా అది? ఆయన కంగారుపడి ఫోను నాకివ్వమన్నారు. ఇచ్చినా ప్రయోజనం లేదని పిల్ల పెట్టేసింది.

మార్చి 24, సోమవారం

డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసింది. తోడికోడళ్ళలో ఒకావిడ వెళ్ళిపోయింది, రెండో ఆవిడ సామాను సర్దుకుంటోంది. కత్తి అక్కర్లేదు. గొంతు మాత్రం కాస్త కిందికి దిగుతుందట, అరుపులు జన్మలో వద్దట. ఇవాళ ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు, రేపు పది. ఎల్లుండి బుధవారానికి స్టూడియోకి వెళ్ళొచ్చు.

ఆ ఐదు నిమిషాలు అక్కడ ఖర్చు పెట్టకుండా మూటగట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇన్నాళ్ళూ ఎన్ని అనుకున్నానో. బళ్ళో జరిగినదాని గురించి అడగాలి, నీళ్ళు పోయడం తప్పనీ చెప్పాలి, ఆ అమ్మాయి మాట పట్టించుకోవద్దనీ చెప్పాలి. స్టూడియోలో చేసినదాని గురించి ఒక మంచి మాట అనాలి. ఏ వరసలో అనాలో కూడా దారిలో సర్దుకున్నాను.

పిల్ల గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. 

"ఊఁ, మొదలుపెట్టు. బాగా ఆలోచించుకో, ఐదే నిమిషాలు."

నోరు తెరిచాను. పిల్ల వెనక, ఉతికిన దుప్పటి పరిచిన నా మంచం మీద, దాని తడి తువ్వాలు.

"ఆ తువ్వాలు మంచం మీంచి తియ్యి," అన్నాను.

ఎవరిదో గొంతులా ఉంది. బొంగురుగా, కిందికి, లారీ వెనక్కొస్తున్నట్టు. మూడు వారాల తర్వాత మొదటి మాట. పిల్ల తిరిగి చూసి, లేచి తువ్వాలు తీసి, భుజాన వేసుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఇంకా నాలుగున్నర నిమిషాలుంది," అంది.

అనుకున్నవాటిలో ఒక్కటీ అనలేదు. దుప్పటి తడిసింది చూశావా అన్నాను. సగం తిని వదిలేసిన కంచం ఎవరు తీస్తారన్నాను. ఎర్ర చీర నాకెంత ఇష్టమో తెలుసా, కొయ్యడానికి నీకు ఇంకో గుడ్డ దొరకలేదా అన్నాను. సంచీ, చెప్పులు, దువ్వెన్లో జుట్టు, మూత పెట్టని సిరా బుడ్డీ. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. పిల్ల మోకాళ్ళు పైకి పెట్టుకుని, గడ్డం వాటి మీద ఆనించి, అన్నీ వింది. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. టైమైపోయిందని కూడా చెప్పలేదు. నేనే గడియారం చూసుకుని ఆగాను, అప్పటికి ఏడు నిమిషాలు.

తువ్వాలు మళ్ళీ నా మంచం మీదే వేసి ఆడుకోవడానికి వెళ్ళింది. రేపటికి పది నిమిషాలు సరిపోవు.